షట్ డౌన్ నొక్కని దుకాణం

మా అన్న శ్రీశైలం జల్‌పల్లిలో, తన ఇంటి ముందు గదిలో కూర్చుని, కంప్యూటర్‌ను కొత్తగా ముట్టుకునేవాళ్ల కోసం ఒక వెబ్‌సైటు నడుపుతున్నాడు. రిటైరైన మాస్టర్లు, ఇంట్లో బ్లౌజులు కుట్టే ఆడవాళ్లు, చిన్న కొట్లవాళ్లు చదువుతారట. ఫోను నిండిపోతే ముందు ఏం తీసేయాలి, పాస్‌వర్డు ఎక్కడ రాసిపెట్టకూడదు, పైసా ఖర్చు లేకుండా కొట్టుకు సొంత పేజీ ఎలా తయారుచేసుకోవాలి, అన్నీ తెలుగులో, బాణం గుర్తులు పెట్టిన బొమ్మలతో రాస్తాడు. నేను దాన్ని ఎన్నడూ తెరిచి చూడలేదు. తీరిక లేదని చెప్పేదాన్ని. పోయిన నెల మా చిన్నమ్మాయి దుకాణానికి వచ్చి, గల్లా మీద మోచేతులు ఆనించి, ఫోను నా ముఖం ముందు పెట్టింది. "అమ్మా, మామ తాతయ్య గురించి రాసిండు, సూడు."

చూశాను. పవర్ బటన్ బొమ్మ, దాని కింద నాలుగు వాక్యాలు. కంప్యూటర్‌ను ఎప్పుడూ షట్ డౌన్ చేసే ఆపండి, నేరుగా ప్లగ్గు పీకకండి. మా నాన్నగారు ఒక నమ్మకం కొద్దీ ఒకరోజు అలా పీకారు. ఆ రోజు పోయిన పని నాకు మళ్లీ దొరకలేదు. మీ ఇంట్లో పెద్దలకు ముందే నచ్చజెప్పండి. అంతే. ఒక్క కఠినమైన మాట లేదు. చివర నమస్కారం పెడుతున్న చేతుల బొమ్మ కూడా ఉంది.

"తాతయ్య నిజంగనే గట్ల చేసిండా?" అని అడిగింది అమ్మాయి.

"అద్దాలు లేవు బిడ్డా, తర్వాత సూస్త," అన్నాను. అద్దాలు నా ముక్కు మీదే ఉన్నాయి. అది వాటిని చూసింది, నన్ను చూసింది, ఫోను తీసుకుని పోయింది.

ఆ ప్లగ్గు పీకింది మా బాపు కాదు. నేను. అప్పటికి ఈ సంగతి తెలిసిన మనుషులు ఇద్దరే, బాపు, నేను. బాపు పోయాడు. అన్న మాత్రం ఆ ఒక్క తప్పుకు బాపు చనిపోయేదాకా ఆయనతో మాట్లాడలేదు. ఇంత చెప్పాక ఇక దాచడానికేమీ మిగలదు కాబట్టి, ఆ రోజుల గురించి కాస్త నిదానంగానే రాస్తాను.

మాది శాలిబండలో పూజసామాను దుకాణం. వెడల్పు తక్కువ, లోతు ఎక్కువ. లోపలికి పోయేకొద్దీ వాసన మారేది. గడప దగ్గర కొబ్బరి పీచు, రెండడుగులు వేస్తే పసుపు, గల్లా దగ్గర కర్పూరం, చిట్టచివర గోనెసంచుల్లో గుగ్గిలం. కళ్లు మూసుకుని నడిచినా ఎక్కడున్నానో చెప్పగలిగేదాన్ని. మా బాపు మల్లయ్య పొద్దున్నే తలుపు చెక్కలు ఒక్కొక్కటే తీసి గోడకు ఆనించి, గడప మీద నీళ్లు చల్లి, గల్లాకు దండం పెట్టి, ఆ తర్వాతే దగ్గేవాడు. దగ్గు అప్పటిదాకా ఎక్కడ ఆపుకునేవాడో నాకిప్పటికీ తెలియదు. బోణీ కాకముందు దుకాణంలో చెడ్డ చప్పుడు ఉండకూడదు, అంతే.

చప్పుడుకే అంత పట్టింపు ఉన్న మనిషికి మాటల మీద ఎంత ఉంటుంది? మా దుకాణంలో "లేదు" అనే మాట లేదు. గిరాకీ అడిగిన వస్తువు లేకపోతే "రేపొస్తది" అనాలి. ఇంట్లో బియ్యం డబ్బా అడుగు కనిపిస్తే అమ్మ "బియ్యం నిండుకున్నయి" అనేది. దీపం ఆరిపోదు, కొండెక్కుతుంది. అన్నిటికన్నా పెద్ద కట్టుబాటు దుకాణం మూసే వేళది. "బంద్" అనకూడదు. పక్కన గడియారాలు బాగుచేసే గౌస్ భాయ్ మధ్యాహ్నం కాగానే అటునుంచి కేకేసేవాడు, "మల్లయ్య భాయ్, దుకాన్ బఢాదూఁ?" అని. పెంచమంటావా అని అడుగుతూనే షట్టరు కిందికి దించేవాడు. బాపు కూడా తెలుగులో "పెంచుదాం, పెంచుదాం" అంటూ తలుపు చెక్కలు వేసేవాడు. ఆ బజారంతా రోజుకు రెండుసార్లు దుకాణాలు పెంచుకునేది. చిన్నప్పుడు నాకందులో వింతేమీ కనిపించలేదు. చెడ్డమాటకు మంచి చొక్కా తొడిగి పంపడం మాకు అన్నం కలుపుకున్నంత అలవాటు.

ఇంకో అలవాటు నాకు ప్రత్యేకంగా ఉండేది. బేరం. ఏడో తరగతిలోనే మా అమ్మ నన్ను కూరగాయలకు కాక చీరలకు తీసుకుపోయేది, తన కోసం బేరమాడడానికి. నా పద్ధతిలో మొదటి సూత్రం, అడగకూడదు. అడిగితే నీకు తెలియదని అమ్మేవాడికి తెలుస్తుంది, తెలిసిందంటే ధర నిలబడుతుంది. తెలిసినట్టు ముఖం పెట్టి, పెదవి విరిచి, రెండడుగులు వెనక్కి వేయాలి. ఈ విద్యతో నేను ఎంత గెలిచానో లెక్కలేదు. గెలిచి తెచ్చిన వస్తువుల్లో సగం మొదటి ఉతుకులోనే రంగు దిగేవి. అదీ లెక్కలేదు, ఎందుకంటే ఆ లెక్క నేనెప్పుడూ పెట్టలేదు.

అన్న ఇంటర్ అయ్యాక కంప్యూటర్ నేర్చుకున్నాడు. తర్వాత ఎక్కడో ఆఫీసులో తీసేసిన పాత మిషిన్ అమ్ముతున్నారంటే నన్ను వెంటబెట్టుకుపోయాడు. కరెంటు పోయినా కాసేపు నడిచేలా ఒక బరువైన బ్యాటరీ పెట్టె కూడా దానితోపాటే ఉంది. "గది మాకెందుకు? గది తీసేసి ధర చెప్పు," అన్నాను. అన్న నా చెయ్యి గిల్లాడు. నేను పట్టించుకోలేదు, ఆ పెట్టె లేకుండానే బేరం తెంపాను. రిక్షాలో వస్తూ, మానిటర్‌ను ఒళ్లో పసిపిల్లలా పట్టుకుని అన్న అన్నాడు, "నువ్వు యముని తోనిగూడ బేరం చేస్తవే, ప్రాణం తీస్కో గని తోల్కపోయే కిరాయి తగ్గించుకో అని." ఇద్దరం దారంతా నవ్వుకున్నాం.

మిషిన్‌ను దుకాణంలోనే, గల్లా వెనుక, కర్పూరం డబ్బాల పక్కన పెట్టాం. అక్కడ తప్ప ప్లగ్గు లేదు. బాపు దానికి కూడా బొట్టు పెట్టాడు. అన్న నాకూ గౌస్ భాయ్‌కీ పాఠాలు మొదలుపెట్టాడు. అగరొత్తుల అట్టపెట్టెలు చింపి, వెనకవైపు స్కెచ్ పెన్నుతో చిట్కాలు రాసి మేకులకు తగిలించేవాడు. తప్పు నొక్కితే భయపడకు, కంట్రోల్ పట్టుకుని జెడ్ కొట్టు. పది నిమిషాలకోసారి సేవ్ చెయ్యి. తెర మీద మాట చదవకుండా ఓకే కొట్టకు. గౌస్ భాయ్ ఆ అట్టలన్నీ చదివి, "శ్రీశైలం, ఇసొంటి అట్ట నా పెండ్లినాడు మండపంల పెట్టేటోడు ఒక్కడు లేకపాయె," అనేవాడు.

అన్న పిచ్చి మాత్రం వేరే. వెబ్ పేజీలు. ఇప్పటిలా బొమ్మను వేలితో లాగి పెట్టే సాధనాలు అప్పుడు మా చేతికి రాలేదు. నోట్‌ప్యాడ్‌లో కోణపు బ్రాకెట్ల మధ్య ఒక్కొక్క ఆజ్ఞా చేత్తో కొట్టాలి. రంగుకో ఆజ్ఞ, వరుసకో ఆజ్ఞ. తెరిచిన ప్రతి ఆజ్ఞనూ కింద మళ్లీ మూయాలి, ఒక్కటి మరిచినా పేజీ అంతా వంకరపోతుంది. తెలుగు అక్షరాలైతే అసలు కుదురుగా నిలిచేవి కావు. వాటికి బదులు ఒక్కొక్క పదాన్నీ బొమ్మగా గీసి పెట్టేవాడు. అలా రెండు నెలలు కూర్చుని మూడు పనులు చేశాడు. గౌస్ భాయ్ గడియారాల దుకాణానికి ఒక పేజీ, మా దుకాణానికి ఒకటి, మూడోది ఆ అట్టల మీది చిట్కాలన్నీ మామూలు మనుషుల కోసం ఒకచోట చేర్చినది. మూసీ అవతల ఒక చిన్న కంపెనీ వాళ్లు మాట ఇచ్చారు. నీ పని పట్టుకుని రా, నచ్చితే ఉద్యోగం. రోజు కూడా చెప్పారు. అన్నకు ఆ రోజు తప్ప ఇంకేమీ కనిపించేది కాదు. డిగ్రీ లేనివాణ్ని పిలిచిన ఆఫీసు అదొక్కటే.

తన పని వేరే ఎక్కడైనా కూడా దాచిపెట్టాలని ఫ్లాపీల పెట్టె కొంటానన్నాడు. "మిషిన్ల ఉన్నదాన్ని మళ్ల బైట గూడ పెట్టుడేంది? ఇంట్ల బియ్యం ఉండంగ పక్కింట్ల బియ్యం దాస్తమా?" అన్నాను. వెళ్లే ముందురోజు ఒక్కటి కొందువులే అని ఒప్పించాను. అదీ నా గెలుపే.

ఇంతలో లొల్లి వచ్చింది షట్ డౌన్ దగ్గర. మిషిన్ ఆపేటప్పుడు అన్న ఏం నొక్కుతున్నాడో బాపు ఒకరోజు అడిగాడు. అన్న తెలుగు చేసి చెప్పాడు.

"అంటే బంద్ చేసుడా?" బాపు గొంతు మారిపోయింది. "నా దుకాణంల కూసోని రోజు బంద్, బంద్ అని నొక్కుతున్నవా?"

"గది మిషిన్‌కు చెప్పే మాట బాపూ. దుకాణానికి కాదు."

"మిషిన్ ఏడున్నది?"

"దుకాణంల."

"మరి?"

గౌస్ భాయ్ పక్కనుంచి సర్దబోయాడు. "దానికి జర మన జబాన్ నేర్పుండ్రి. బఢాదూఁ అని రాయిస్తే అయిపాయె!" అందరం నవ్వాం, బాపు నవ్వలేదు. ఆ రోజునుంచి అన్న, బాపు తాళంచెవి పట్టుకుని మెట్లు దిగేదాకా ఆగి, గబుక్కున వెనక్కి వచ్చి ఆ మాట నొక్కి పోయేవాడు. బాపుకు తెలుసు. చూడనట్టు వీధిలోకి చూస్తూ నిలబడేవాడు. తండ్రీకొడుకులు అలా ఒక ఒప్పందానికి వచ్చారు, ఇద్దరిలో ఎవరూ నోరు విప్పకుండా.

అన్న కంపెనీకి వెళ్లాల్సిన ముందురోజు పొద్దున్న సర్టిఫికెట్ల మీద సంతకం పెట్టించుకోవడానికి సైదాబాద్ పోయాడు. అక్కడినుంచే చొక్కా, ఫ్లాపీ కొనుక్కుని సాయంత్రానికి వస్తానన్నాడు. మిషిన్ నడుస్తూనే ఉంది, గౌస్ భాయ్‌కి ఆ గడియారాల పేజీ చూపిస్తున్నాను. మధ్యాహ్నం అన్నం వేళైంది. గౌస్ భాయ్ పోయి షట్టరు దించాడు. బాపు చెక్కలు వేయడం మొదలుపెట్టాడు. నేను మౌస్ పట్టుకుని ఆ మాట దాకా పోయాను. బాపు వెనకనుంచి, "అది నొక్కకు బిడ్డా. రేపు వాడు మంచిపని మీద పోతున్నడు," అన్నాడు.

నాకు ఆకలిగా ఉంది. బాపుతో వాదించడం కన్నా గోడవైపు వంగడం చౌక. వంగి ప్లగ్గు పీకేశాను. అప్పటికి తలకు పైన మేకుకు, నేరుగా ప్లగ్గు పీకొద్దని అన్న రాసిన అట్ట ఊగుతూనే ఉంది, చదివినదాన్నే, నేనే అందరికీ చదివి వినిపించినదాన్నే.

అన్నం తిని వచ్చాక మిషిన్ లేవలేదు. నల్లటి తెర మీద తెల్లటి ఇంగ్లీషు ముక్క ఒకటి, నాకు అందులో "నాట్ ఫౌండ్" మాత్రమే అర్థమైంది. మా ఇంట్లో ఎవరూ అనని మాటను అది ముఖం మీదే అనేసింది. బాపు గల్లా మీద కూర్చుని చూస్తున్నాడు. "ఏమన్నదది?" అని అడిగాడు. "ఏం లే, జర అలిసిపోయింది," అన్నాను. అన్న వచ్చేలోగా బాగుచేయించి పెట్టాలని దాన్ని ఆటోలో ఎక్కించుకుని కిషన్‌బాగ్‌లో విఠల్ అనే మెకానిక్ దగ్గరికి పోయాను.

విఠల్ దాన్ని ఇంకో తెరకు తగిలించి చూశాడు. "అక్కా, లోపల సామాన్ ఉన్నది. తియ్యాల్నా? సాయంత్రం దాకా పడ్తది, పైసలు డబల్ అయితయి. వద్దంటె ఫార్మాట్ కొట్టి గంటల ఇచ్చేస్త."

మా బజారులో ఎవరి రేడియో, ఎవరి మిక్సీ బాగుకు ఇచ్చినా ఒకటే భయం. లోపలి అసలు సామాను తీసుకుని నకిలీది పెడతాడని. "సామాన్ ఏం తియ్యకు," అన్నాను, గట్టిగా, వేలు చూపించి. "ఉన్నది ఉన్నట్టుండాలె. నాకు తెలుస్తది."

"తియ్యద్దు అంటవ్?"

"ముట్టనే ముట్టకు. ఆ రెండోది చెయ్యి. మంచిగ అయితదా?"

"ఏక్‌దమ్ సాఫ్. కొత్తదాని లెక్క."

సాఫ్ అంటే మా ఇంట్లో మంచిమాట. ఇన్నేళ్లూ నాకు నేను చెప్పుకున్నది ఇదే, అతను సామాన్ అన్నది లోపలున్న అన్న పనిని అని, ఫార్మాట్ అంటే దాన్నంతా తుడిచేయడమని అర్థం కాలేదని. కానీ ఇక్కడ ఒక సంగతి రాయకపోతే ఈ కాగితమంతా దండగ. విఠల్ "తియ్యద్దు అంటవ్?" అని రెండోసారి అడిగినప్పుడు అతని ముఖంలో ఒక ఆశ్చర్యం కనిపించింది. ఒక్క క్షణం నాకు అనుమానం వచ్చింది. ఫార్మాట్ అంటే ఏంది అని అడిగితే సరిపోయేది. అడిగితే నాకు తెలియదని అతనికి తెలుస్తుంది. అప్పటికి నేను పెదవి విరిచి ఉన్నాను, రెండడుగులు వెనక్కి వేసి ఉన్నాను, ధర కదులుతూ ఉంది. అడగలేదు. సగానికి తెంపాను. "అక్కా, నీ అసొంటోళ్లు నలుగురొస్తే నేను దుకాణం బఢాయించుకోని ఊరికి పోవాలె," అని విఠల్ తల కొట్టుకున్నాడు. ఆటోలో మిషిన్‌ను ఒళ్లో పెట్టుకుని, గెలిచినదాన్ని గెలిచినట్టే, నవ్వుకుంటూ వచ్చాను.

అన్న సాయంత్రం కొత్త చొక్కా పొట్లంతో వచ్చి, చేతులు కడుక్కుని మిషిన్ ముందు కూర్చున్నాడు. తెర నీలంగా, నిగనిగలాడుతూ వెలిగింది. అన్న వెతికాడు. మళ్లీ వెతికాడు. మౌస్ పక్కకు జరిపాడు.

"ఎవరు పీకిండ్రు?" అన్నాడు, వెనక్కి తిరక్కుండానే. మిషిన్ ఎలా చెడుతుందో అతనికి తెలుసు.

నేను కర్పూరం తూస్తున్నాను. బాపు గల్లా మీదనుంచి అన్నాడు, "నేనే."

దుకాణంలో ఏ తప్పు జరిగినా గల్లా మీద కూర్చున్నవాడే మోయాలని బాపు పద్ధతి. గిరాకీ ముందు పనివాణ్ని ఎన్నడూ ముందుకు తోయలేదు. అదీగాక నొక్కొద్దన్నది తనే. ఫార్మాట్ సంగతి ఆయనకు తెలియదు. నాకు తెలుసు. బాగుకు ఇచ్చి తెచ్చానని చెబితే అన్న నన్ను అడిగాడు, "మెకానిక్ ఏమన్నడు? తీయరాదా?" అని. "అంతా పోయిందట అన్నా, ఏం చేయరాలేదట," అన్నాను. తూకం తప్పలేదు. కర్పూరం సరిగ్గానే తూగింది.

మర్నాడు అన్న ఆ చొక్కా వేసుకుని వట్టి చేతులతో పోయి, వట్టి చేతులతో వచ్చాడు. అమ్మ అడిగితే "మల్ల పిలుస్తమన్నరు" అన్నాడు. మా ఇంటి భాషలో దానికి అర్థం అందరికీ తెలుసు. బాపుతో మాత్రం ఆ భాష కూడా మాట్లాడలేదు. మూడు నెలలు ఒకే కంచాల వరుసలో కూర్చుని తిన్నారు, తర్వాత అన్న వేరే పోయాడు. ఎక్కడెక్కడో ఫారాలు నింపే కౌంటర్లలో, జిరాక్సు సెంటర్లలో టైపు కొట్టి బతికాడు. దుకాణం నాకు వచ్చింది. నేను నోరు మూసుకున్నందుకు వచ్చిన సరుకు అది. నా జీవితంలో ఇంత చౌకగా ఏదీ కొనలేదు.

బాపు మంచాన పడ్డ రోజుల్లో అన్నకు నేనే ఫోను చేశాను. డాక్టరు చెప్పిన మాట నోటిదాకా వచ్చి వెనక్కిపోయింది. "జర నలతగున్నడు అన్నా, తీరిక చూస్కోని రా," అన్నాను. నలతకు ఎవరు పరుగెత్తుకొస్తారు? అన్న వచ్చేసరికి పాడె కడుతున్నారు.

ఇప్పుడు నా ఫోనులో ఏదీ పోదు. పొరపాటున తీసేసిన ఫోటో నెల రోజులు ఒక మూలన ఎదురుచూస్తూ ఉంటుంది. మా అమ్మాయి వంట చేస్తూ చేస్తూ దుకాణానికి పేజీ తయారుచేసింది, ఏ ఆజ్ఞా తెరవలేదు, ఏదీ మూయలేదు, సేవ్ కూడా దానంతట అదే అయింది. అన్న రెండు నెలల పనిని అది పప్పు ఉడికేలోగా ముగించింది. శాలిబండలో సగం దుకాణాలకు ఇప్పుడు నున్నటి గాజు తలుపులు, తెరిచి ఉన్నాయో మూసి ఉన్నాయో చెప్పే అట్ట వాటికి వేలాడుతూ ఉంటుంది, మూసిన మాట ఇంగ్లీషులో కొట్టొచ్చినట్టు రాసి. ఎవరికీ ఏమీ కావడం లేదు. లక్ష్మి వాళ్ల దగ్గరా నిలుస్తోంది. ఆ ఒక్క మాటను తప్పించుకోవడానికి మేము పడ్డ పాటంతా దేనికని నేనిప్పుడు గల్లా మీద కూర్చుని అనుకుంటాను. బాపు ఉంటే ఏమనేవాడో అనుకుంటాను. నా ఊహలో ఆయన గోడవైపు తిరిగి దగ్గుతాడు.

పోయిన ఆదివారం జల్‌పల్లి పోయాను. వదిన ఊళ్లో లేదు. అన్న తెర ముందు కూర్చుని ఉన్నాడు, ఇప్పుడు కళ్లద్దాలు తెరకు తగిలేంత దగ్గరగా. "కూసో భాగ్యా, ఈ ఒక్క లైను అయిపోనీ," అన్నాడు. అతను ఆ లైను పూర్తిచేసేదాకా ఆగితే నేను మళ్లీ లేచి వచ్చేస్తానని తెలుసు. నిలబడే చెప్పాను. ప్లగ్గు సంగతి చెప్పాను. విఠల్ సంగతి చెప్పాను. సామాన్ లోపల ఉన్నదని అతను అన్న మాట, తియ్యకు అని నేనన్న మాట, రెండోసారి అడిగినప్పుడు నాకు వచ్చిన అనుమానం, అన్నీ.

అన్న వేళ్లు కీబోర్డు మీదే ఉన్నాయి. తెర మీదనుంచి కళ్లు తీయకుండానే అడిగాడు.

"ఎంతకు తెగింది బేరం?"

"సగానికి."

తల ఊపాడు, ధర సరైనదే అన్నట్టు. ఫ్యాను తిరుగుతోంది. ఎదురింట్లో ఎవరో కుక్కర్ దించారు.

"బాపు నన్ను అడిగిండా, ఆఖరికి?"

లేదు అంటే అతనికి ఆ రాత్రి నిద్ర పట్టేది. నా నాలుక ఆ అబద్ధంవైపే పోయింది, అలవాటు కొద్దీ.

"అడిగిండు," అన్నాను. "మూడు రోజులు పొద్దుగాల లేవంగనే అడిగిండు, శ్రీశైలం వచ్చిండా అని. తొవ్వల ఉన్నడు అని చెప్పిన."

అన్న లేచాడు. నా పక్కనుంచి నడిచి వాకిట్లోకి పోయాడు. వంగి, నా చెప్పులు రెండూ చేత్తో తీసి, గడప ముందు పెట్టి, బయటివైపుకు తిప్పాడు. మా ఇంట్లో "పో" అనే మాట కూడా లేదు.

తొడుక్కున్నాను.